వెయ్యికి మూడువందల ఇరవై ఐదు

కంపెనీలు ఒకదాన్నొకటి ఎలా కొంటాయి, ఎలా కలిసిపోతాయి అన్నది ఈ ఆదివారం ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్‌గారు చెప్పారు. గురువారం సాయంత్రానికల్లా కాపీ చేతికి రావాలన్నారు. 2007లో టాటా స్టీల్ వెళ్లి బ్రిటన్‌లోని కోరస్‌ను కొన్న సంగతితో మొదలుపెడదామనుకున్నాను. అలాంటి పెద్ద బేరాలకు చదివించే గుణం ఉంటుంది. కానీ పాత కాగితాలు తిరగేస్తుంటే 2020 మార్చి 4 నాటి కేంద్ర ప్రభుత్వ గెజిట్ ఒకటి కంటబడింది. ఆంధ్రా బ్యాంకునూ కార్పొరేషన్ బ్యాంకునూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనం చేసే పథకం అది. చదవడం మొదలుపెట్టాక మిగతా బేరాలన్నీ పక్కకు జరిగిపోయాయి. మా ఇంట్లోకి వచ్చిన మొదటి పాస్‌బుక్ ఆంధ్రా బ్యాంకుదే. ఆ మమకారం ఈ కథనంలో కనబడుతుంది, దాచుకోను.

విలీనం అంటే ఏమిటో ఆ గెజిట్ చెప్పినంత సూటిగా వ్యాపార పాఠ్యపుస్తకాలు కూడా చెప్పవు. ముందుగా ఒక తేదీ ఉంటుంది: 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి ఆంధ్రా బ్యాంకు వ్యాపారమంతా, ఆస్తులూ అప్పులూ హక్కులూ బాధ్యతలతో సహా, యూనియన్ బ్యాంకుకు చెందుతుంది. ఎవరూ విడివిడిగా దస్తావేజులు రాసుకోనక్కర్లేదు, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదు. ఏ ఒప్పందంలోనైనా ఏ పత్రంలోనైనా ఆంధ్రా బ్యాంకు అని ఉంటే, ఇకమీదట దాన్ని యూనియన్ బ్యాంకు అని చదువుకోవాలి. ఈ ఒక్క మాట ఎంత దూరం వెళుతుందో ఆలోచించండి. తెనాలిలో ఒకరు ఇంటి కాగితాలు పెట్టి తీసుకున్న అప్పు, గుడివాడలో ఒక రైతు రాసిచ్చిన పంట రుణం నోటు, హైదరాబాదులో ఒక చిన్న పరిశ్రమ తెచ్చుకున్న బ్యాంకు గ్యారంటీ, లాకర్లో ఉన్న పెళ్లినాటి నగలు, తాకట్టులో ఉన్న గాజులు, అన్నింటికీ రాత్రికి రాత్రి అవతలి పక్షం మారిపోయింది. కోర్టుల్లో ఆంధ్రా బ్యాంకు వేసిన దావాలు, ఆంధ్రా బ్యాంకు మీద వేసిన దావాలు ఆగిపోలేదు. కొత్త పేరుతో అక్కడి నుంచే నడిచాయి.

ఉద్యోగుల మాట కూడా అందులో ఉంది. జీతభత్యాలు, సర్వీసు నిబంధనలు అంతకుముందు ఉన్నవాటికంటే తక్కువ కాకూడదు. డైరెక్టర్ల బోర్డు మాత్రం ఆ రోజుతో రద్దు. సైఫాబాదులోని డాక్టర్ పట్టాభి భవన్ బ్యాంకు ప్రధాన కార్యాలయంగా ఉండటం ఆ రోజుతో ముగిసింది. పెద్ద నిర్ణయాలన్నీ ముంబైకి వెళ్లాయి. అప్పటికి దేశమంతా లాక్‌డౌన్ మొదలై వారమైంది. తొంభై ఆరేళ్ల బ్యాంకుకు నలుగురూ ఒకచోట చేరి వీడ్కోలు చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

ఇక షేర్లు. ఆంధ్రా బ్యాంకు షేర్లు వెయ్యి ఉన్నవాళ్లకు యూనియన్ బ్యాంకు షేర్లు 325. కార్పొరేషన్ బ్యాంకు షేర్లు వెయ్యి ఉంటే 330. మన దగ్గర వంద షేర్లున్న చిన్న మదుపరి సంగతి చూద్దాం. అతని లెక్కకు 32న్నర వస్తాయి. సగం షేరు ఇవ్వరు కనుక 32 షేర్లు ఖాతాలో పడతాయి, ఆ సగానికి డబ్బు ఇస్తారు. ఆ రోజుల్లో చాలామంది తమ సొమ్ములో మూడింట రెండువంతులు పోయిందని గుండెలు బాదుకున్నారు. అది పొరపాటు. యూనియన్ బ్యాంకు షేరు అప్పట్లో ఆంధ్రా బ్యాంకు షేరుకు సుమారు మూడు రెట్ల ధర పలికేది. గిద్దెతో కొలిచిన బియ్యాన్ని సోలతో కొలిస్తే అంకె తగ్గుతుంది, బియ్యం తగ్గవు. నిష్పత్తి గురించి అడగాల్సిన అసలు ప్రశ్న వేరు. దాన్ని ఎవరు కట్టారు, ఎవరిని అడిగి కట్టారు?

కట్టింది విలువ కట్టే నిపుణులు. మార్కెట్ ధర ఎంత, పుస్తకాల్లోని విలువ ఎంత, సంపాదన ఎంత అని చూసి, ఒక్కోదానికి కొంత తూకం ఇచ్చి, ఒక అంకె తేలుస్తారు. ఆ అంకె న్యాయమైనదేనని మర్చంట్ బ్యాంకర్లు ఒక అభిప్రాయం రాసిస్తారు. బోర్డులు ఆమోదిస్తాయి. చిన్న వాటాదారులకు అభ్యంతరాలుంటే ఒక నిపుణుల కమిటీకి చెప్పుకోవచ్చన్నారు. ఓటు మాత్రం లేదు. జాతీయ బ్యాంకుల చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకును సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే విలీన పథకం రాస్తుంది, పార్లమెంటు ముందు ఉంచుతుంది. వాటాదారుల సభ పెట్టాల్సిన అవసరం లేదు.

ప్రభుత్వానికే ఎనభై శాతానికి పైగా వాటా ఉన్నప్పుడు ఓటింగు పెట్టి ఏం లాభమని వాదించేవాళ్లున్నారు. లాభం ఉంది. ప్రమోటర్ల ప్రయోజనం ముడిపడిన విలీనాల్లో లిస్టెడ్ కంపెనీలు సామాన్య వాటాదారుల ఓట్లను వేరుగా లెక్కించాలని సెబీ నియమం పెట్టింది. వాళ్లలో వద్దన్నవాళ్లకంటే ఔనన్నవాళ్లు ఎక్కువ ఉండాలి. ఒక ప్రైవేటు వ్యాపారి పాటించాల్సిన ఈ మర్యాదను తన సొంత బ్యాంకుల విషయంలో ప్రభుత్వం పాటించకపోవడం నాకు మింగుడు పడదు. ఆ గెజిట్ హిందీలో, ఇంగ్లీషులో ఉంది. ఆ బ్యాంకులో డబ్బు దాచుకున్నవాళ్లలో అత్యధికులు చదివే భాషలో లేదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. బందరులో వైద్యుడిగా పేరు తెచ్చుకుని, స్వాతంత్ర్యోద్యమంలోకి దిగిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరు 20న బ్యాంకును రిజిస్టరు చేయించారు. అదే నెల 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో పని మొదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, అది రావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో ఓడిన పట్టాభి, 1948లో ఆ పదవికి ఎన్నికయ్యారు. 1964లో బందరుకే చెందిన భారత లక్ష్మీ బ్యాంకును ఆంధ్రా బ్యాంకు తనలో కలుపుకుంది. 1980 ఏప్రిల్ 15న జాతీయమైంది. ఆ రోజు జాతీయం చేసిన ఆరు బ్యాంకుల్లో ఈనాడు సొంత పేరుతో మిగిలింది పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఒక్కటే. న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1993లో, విజయా బ్యాంకు 2019లో, ఓరియంటల్ బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు, ఆంధ్రా బ్యాంకు 2020లో ఒక్కొక్కటిగా పెద్ద బ్యాంకుల్లో కలిసిపోయాయి.

బాక్సు: కలిపేందుకు ఎన్ని దారులు

మామూలు కంపెనీలు కలవాలంటే 2013 కంపెనీల చట్టంలోని 230 నుంచి 232 వరకు సెక్షన్లు వర్తిస్తాయి. జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ చెప్పిన ప్రకారం సభలు పెట్టాలి. ఓటేసిన వాటాదారుల్లో మెజారిటీ, వాళ్ల వాటా విలువలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి. అప్పులిచ్చినవాళ్ల మాట కూడా వినాలి.

ప్రైవేటు బ్యాంకులకు బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 44ఎ సెక్షన్. వాటా విలువలో మూడింట రెండు వంతులు సరేనన్నాక రిజర్వు బ్యాంకు ముద్ర వేస్తుంది. 2015 ఏప్రిల్ 1న ఐఎన్‌జీ వైశ్యా బ్యాంకు కోటక్ మహీంద్రాలో కలిసింది ఈ దారిలోనే. వెయ్యి షేర్లకు 725 షేర్లు ఇచ్చారు.

మునిగిపోతున్న బ్యాంకుకు 45వ సెక్షన్. రిజర్వు బ్యాంకు కోరితే కేంద్ర ప్రభుత్వం మారటోరియం విధిస్తుంది, పథకం రాసేది మాత్రం రిజర్వు బ్యాంకే.

కలపకుండా కొనేయడం మరో పద్ధతి. లిస్టెడ్ కంపెనీలో ఎవరైనా 25 శాతం ఓటింగు వాటాకు చేరితే, మరో 26 శాతం కొంటామని మిగతా వాటాదారులందరికీ ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. 2011 నుంచి సెబీ నియమం ఇది. అంతకుముందు ఆ అంకెలు 15, 20గా ఉండేవి.

2019 ఆగస్టు 30న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆంధ్రా బ్యాంకు విలీనాన్ని ప్రకటించినప్పుడు చెప్పిన కారణం పరిమాణం. మూడు బ్యాంకులూ కలిస్తే 14.59 లక్షల కోట్ల రూపాయల వ్యాపారం, 9,609 శాఖలు, ప్రభుత్వ బ్యాంకుల్లో ఐదో స్థానం. మూడూ ఫినాకిల్ సాఫ్ట్‌వేరు మీదే నడుస్తున్నాయి కనుక కలపడం తేలికని కూడా అన్నారు. ఈ రెండో కారణం నిజంగా పనికొచ్చింది. ఏ విలీనమైనా ఇబ్బందుల్లో పడేది ఎక్కువగా కంప్యూటర్ల దగ్గరే. ఇక్కడ ఖాతాల బదిలీ ఏడాదిలోపే పూర్తయింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు, పాత చెక్కుబుక్కులు 2021 మార్చి 31 తర్వాత చెల్లకుండా పోయాయి.

మొదటి కారణం దగ్గరే నాకు అనుమానం. 2018-19లో ఆంధ్రా బ్యాంకు నష్టం 2,786 కోట్లు. యూనియన్ బ్యాంకు నష్టం 2,947 కోట్లు. కార్పొరేషన్ బ్యాంకుది 6,333 కోట్లు. మూడూ కలిపితే ఒకే ఏడాదిలో 12 వేల కోట్లు దాటింది. బలమైనది బలహీనమైనదాన్ని ఆదుకోవడం కూడా కాదిది. ముగ్గురూ అప్పటికే మంచాన ఉన్నారు.

ప్రభుత్వ బ్యాంకుల సంఖ్య తగ్గించి పెద్దవి చేయాలన్న ఆలోచనకు మూలపురుషుల్లో ఒకరు మన తెలుగువారే. రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు మైదవోలు నరసింహం. 1991లో ఆయన కమిటీ మూడు నాలుగు అంతర్జాతీయ స్థాయి బ్యాంకులు, ఎనిమిది నుంచి పది దాకా జాతీయ బ్యాంకులు, వాటి కింద స్థానిక, గ్రామీణ బ్యాంకులు ఉండాలంది. విలీనాల గురించి ఎవరు మాట్లాడినా ఈ భాగం చెబుతారు. 1998లో ఆయన రెండో కమిటీ ఇచ్చిన హెచ్చరిక మాత్రం తక్కువగా వినబడుతుంది. విలీనాలు బలమైన బ్యాంకుల మధ్య జరగాలి, బలహీనమైన వాటిని గట్టెక్కించే సాధనంగా వాటిని వాడకూడదని ఆ కమిటీ చెప్పింది. 2020లో మొదటి నివేదిక అమలైంది, రెండోది అటకెక్కింది.

అంకెలకు రెండో పక్కా ఉంది, అదీ చెప్పాలి. విలీనం జరిగిన మొదటి సంవత్సరం 2020-21లో యూనియన్ బ్యాంకు 2,906 కోట్ల లాభం చూపింది. 2023-24కి అది 13,648 కోట్లకు చేరింది. అదే కాలంలో ప్రభుత్వ బ్యాంకులన్నీ లాభాల్లోకి వచ్చాయి. ఎవరితోనూ కలవనివీ వచ్చాయి. మొండిబాకీలకు అంతకుముందే సొమ్ము పక్కన పెట్టడం, ప్రభుత్వం మూలధనం పోయడం, దివాలా చట్టం, ఇవన్నీ పనిచేశాయి. కలపడం వల్లే బాగుపడిందనడానికి ఈ లాభాలు సరిపోవు. కలపకపోతే ఆంధ్రా బ్యాంకు తనంతట తాను నిలబడేదా అంటే, నిలబడే అవకాశం ఉందనే నా నమ్మకం. నష్టాల మడుగులో ఉన్న సంవత్సరం చూసి అమ్మకానికి ధర కట్టడం ఏ ఇంటివాడూ చేయడు. ఒకటి రెండేళ్లు ఆగి ఉంటే ఆ 325 మరో అంకె అయ్యేదేమో.

బ్యాంకు చేసిన తప్పుల్ని కూడా మరవకూడదు. గుజరాత్‌కు చెందిన స్టెర్లింగ్ బయోటెక్‌కు 5 వేల కోట్లకు పైగా అప్పిచ్చిన బ్యాంకుల కూటమికి నాయకత్వం వహించింది ఆంధ్రా బ్యాంకే. ఆ బాకీ మునిగి సీబీఐ కేసు దాకా వెళ్లింది. కృష్ణా డెల్టా రైతులకు పంట రుణాలిచ్చి, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి పేరు గడించిన బ్యాంకును దెబ్బతీసింది ఇక్కడి ఖాతాదారులు కాదు. తన బలం లేని చోట పెద్ద కంపెనీలకు ఇచ్చిన అప్పులే దెబ్బతీశాయి.

బాక్సు: అసలేమీ దక్కనివాళ్లు

సికింద్రాబాదు నుంచి 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కొత్త తరం ప్రైవేటు బ్యాంకుల్లో మొదటి వరసలో ఉండేది. 2004 జూలై 24న రిజర్వు బ్యాంకు కోరిక మీద కేంద్ర ప్రభుత్వం మారటోరియం విధించింది. ఖాతాదారులు 10 వేల రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేకపోయింది. ఆగస్టు 14న బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు భద్రంగా దక్కింది. వాటాదారులకు ఒక్క షేరూ రాలేదు. ఆ ఓరియంటల్ బ్యాంకే 2020 ఏప్రిల్ 1న పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసింది.

బాక్సు: సీలు వేసిన కవర్లు

సత్యం కంప్యూటర్స్‌కు కొనేవాళ్లను వెతికిన తీరు వేరు. 2009 జనవరిలో లెక్కల మోసం బయటపడగానే ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్త బోర్డును వేసింది. పోటీ వేలం పెట్టారు. ఏప్రిల్ 13న కవర్లు విప్పితే షేరుకు టెక్ మహీంద్రా 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలు, విల్బర్ రాస్ 20 రూపాయలు రాశారు. 2013లో సత్యం పూర్తిగా టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు.

బాక్సు: నిజాం కాలం నుంచి

నిజాం ప్రభుత్వం 1941లో పెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఉస్మానియా సిక్కా నాణేల కాలంలో పుట్టింది. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. దాని షేర్లన్నీ ఎస్‌బీఐ చేతిలోనే ఉండటంతో మార్పిడి నిష్పత్తి అన్న మాటే రాలేదు.

విలీనం తర్వాత జరిగే సర్దుబాట్లు పత్రికల్లో పెద్దగా రావు. ఒకటి చెబుతాను. ఆంధ్రా బ్యాంకుకు ఇండియా ఫస్ట్ లైఫ్ అనే బీమా కంపెనీలో 30 శాతం వాటా ఉండేది. యూనియన్ బ్యాంకుకు అప్పటికే స్టార్ యూనియన్ దైచి బీమా కంపెనీలో వాటా ఉంది. ఒకే బ్యాంకు రెండు బీమా కంపెనీల్లో పెద్ద వాటాలు పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. అందుకని ఆంధ్రా బ్యాంకు నుంచి వచ్చిన వాటాలో 21 శాతాన్ని బ్యాంక్ ఆఫ్ బరోడాకు అమ్మేశారు. 9 శాతం మిగిలింది. గుంటూరు కేంద్రంగా ఆంధ్రా బ్యాంకు నడిపిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా యూనియన్ బ్యాంకు నీడలోకి వెళ్లింది. 2025 మే 1 నుంచి అది మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. దాని స్పాన్సరు యూనియన్ బ్యాంకే.

పేరు గురించి కూడా ఒక మాట. విలీన బ్యాంకుకు ఆంధ్రా పేరు ఉంచాలని 2019లో మన దగ్గర గట్టిగానే అడిగారు. బ్యాంకు ఉద్యోగ సంఘాలు విలీనాలకు వ్యతిరేకంగా ఆ అక్టోబరు 22న సమ్మె చేశాయి. ఏదీ ఫలించలేదు. విలువ కట్టేవాళ్ల పట్టికల్లో శాఖలకు లెక్క ఉంది, బాకీలకు లెక్క ఉంది. మూడు తరాల నమ్మకాన్ని మోసిన పేరుకు మాత్రం వరస లేదు. ఇదే పేరును ఒక ప్రైవేటు కంపెనీ కొని ఉంటే ముందుగా దానికే ధర కట్టి, బోర్డు మీద నుంచి తీయడానికి పదిసార్లు ఆలోచించేది. డిపాజిటరు సొమ్ముకు కాపలా బాగానే కాశారు, ఒక్క పైసా పోలేదు, అందుకు ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. వాటాదారుకు మాత్రం తన మాట చెప్పే చోటు ఇవ్వలేదు. ప్రభుత్వ బ్యాంకులు ఇంకా పన్నెండు ఉన్నాయి. మరో విడత విలీనాల మాట వచ్చినప్పుడల్లా మన ఎంపీలు అడగాల్సింది రెండే: సామాన్య వాటాదారులకు వేరుగా ఓటు, విలువ కట్టిన నివేదిక ఆ బ్యాంకు ఖాతాదారుల భాషలో.

ఇప్పుడు పాఠకులకు పనికొచ్చే సంగతులు. ఆంధ్రా బ్యాంకులోనూ యూనియన్ బ్యాంకులోనూ విడివిడిగా డిపాజిట్లు పెట్టుకున్నవాళ్లకు అవి ఇప్పుడు ఒకే బ్యాంకు డిపాజిట్లు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకుకు ఒక మనిషికి అన్నీ కలిపి 5 లక్షలే. ఎంత సొమ్ము ఎక్కడ ఉంచాలో ఆ లెక్కతో చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు వదిలి వెళ్లిన ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఉంటే పారేయకండి. పదేళ్లు ఎవరూ ముట్టుకోని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి, అయినా వారసుల హక్కు పోదు. రిజర్వు బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పేరు వేసి వెతకవచ్చు. కాగితం షేర్లు ఉన్నవాళ్లు మరింత త్వరపడాలి. 2025 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం ఏడేళ్లుగా ఎవరూ అడగని షేర్లను ప్రభుత్వ బ్యాంకులు మదుపరుల రక్షణ నిధికి పంపవచ్చు. అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ దరఖాస్తుల తిరుగుడు ఎక్కువ. ఆ షేర్లు పట్టుకుని యూనియన్ బ్యాంకు శాఖకు గానీ, వాళ్ల షేర్ రిజిస్ట్రారుకు గానీ వెళ్లండి. వెయ్యికి 325 చొప్పున మీ వాటా చూపించాల్సిన బాధ్యత ఆ బ్యాంకుదే.